మా లిఫ్టరు మోసిన ఐసు పెట్టె

కొత్తగా మెడలో విజిలు వేసుకున్న కుర్ర వ్యాయామోపాధ్యాయులు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ముప్పై నాలుగేళ్లు గ్రౌండులో నిలబడిన మనిషి దగ్గర ఏదో కిటుకు ఉంటుందని వాళ్ల నమ్మకం. నేను గెలిపించిన కప్పుల గురించి అడుగుతారు. కప్పులు బడి బీరువాలో ఉన్నాయి, తాళంచెవి హెడ్మాస్టరు గారి దగ్గర ఉంది, వెళ్లి చూసుకోండి అంటాను. నేను చెప్పదగ్గది ఓడిపోయిన ఒక ఫైనల్ గురించి. అది చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతి కొంత చెప్పాలి.

మాది ఒకప్పుడు పెద్ద కుటుంబం. మా తాతగారికి గుర్రపు బండి ఉండేది. మా నాన్నగారికి ఆ బండి పెట్టుకునే కొట్టం ఉండేది. నాకు ఆ కొట్టం తలుపు మిగిలింది. దాన్ని నాలుగు కాళ్ల మీద పడుకోబెట్టి రాతబల్లగా వాడుకుంటున్నాను. ఇది రాస్తున్నది కూడా దాని మీదే. భూములు ఎట్లా పోయాయో ఇక్కడ అనవసరం. పోకుండా నిలిచినవి రెండు అలవాట్లు. ఒకటి, కుర్చీలో వెనక్కి ఆనుకోకపోవడం. రెండు, ఎవరినీ ఏదీ రెండోసారి అడగకపోవడం. అర్థమైనా కాకపోయినా ఒకసారి తల పంకించి లేచి వచ్చేయడం మా ఇంటి పద్ధతి. భూములు పోవడంలో ఈ రెండో అలవాటు పాత్ర కొంత ఉందేమోనని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పట్లో అనిపించలేదు.

నా ఆఖరి పోస్టింగు విడవలూరు దాటిన తరువాత సముద్రం పక్కన ఒక ఉన్నత పాఠశాల. దానికి కిలోమీటరు దూరంలో వేటకు వెళ్లేవాళ్ల పల్లె. నా దగ్గర చదివి, చదువు చాలించి, పడవలెక్కిన వాళ్లతో అక్కడ ఒక వాలీబాల్ జట్టు తయారైంది. నేను జీతం లేని కోచ్‌ని. ఆ జట్టు క్యాలెండరు లోకంలో ఎక్కడా ఉండదు. ఏప్రిల్ నడుమ నుంచి రెండు నెలలు సముద్రంలో వేట నిషేధం గదా, అదే వాళ్ల ఆటల కాలం. మిగతా పది నెలలు చేపల కాలం. నిషేధంలో తీరం పొడవునా పల్లెపల్లెకూ టోర్నమెంట్లే.

ఆ జట్టుకు ప్రాణం లిఫ్టరు. బంతిని వేళ్లతో మెత్తగా పైకి లేపి, స్మాషరు కొట్టడానికి అందించేవాడిని మా వైపు లిఫ్టరు అంటారు. చప్పట్లు స్మాషరుకు పడతాయి, ఆట లిఫ్టరు బుర్రలో నడుస్తుంది. మా వాడు నా పాత విద్యార్థే, ఇరవై ఏడేళ్లవాడు. బంతి అతని వేళ్ల నుంచి బయలుదేరితే అది ఎక్కడికి వెళ్లాలో దానికే తెలుసన్నట్టు వెళ్లేది.

జనవరి చివర, కాలం కాని కాలంలో జరిగిన ఒక పోటీలో గెలిచి వచ్చారు. పల్లెలో ట్రాక్టరు మీద ఊరేగింపు. రోడ్డుకు అడ్డంగా లిఫ్టరు బొమ్మతో ఒక పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అతను ట్రాక్టరు మీద నిలబడి వెనక్కి తిరిగి జనానికి చెయ్యి ఊపుతున్నాడు. ఫ్లెక్సీ కిందికి కట్టారు. తన మొహం తనకే తగిలి కిందపడ్డాడు. కుడి భుజం గూడు తప్పింది.

నెల్లూరులో ఎముకల డాక్టరు గారి దగ్గరికి అతని భార్య, నేను తీసుకుపోయాము. గది చిన్నది, రోగితో ఒకరే లోపలికి రావాలన్నారు. ఆమె వెళ్లింది. నేను బయట బెంచీ మీద, ఆనుకోకుండా, గంటసేపు కూర్చున్నాను. డాక్టరు గారు బయటికి వచ్చి, ఇంకో గదిలోకి పోతూ, నా చేతిలో చీటీ పెట్టి నడుస్తూనే అన్నారు: "నో లిఫ్టింగ్. నాలుగు నెలలు. మిగతాదంతా మెల్లమెల్లగా చేసుకోవచ్చు." నేను తల పంకించాను. ఆయన వెళ్లిపోయారు. చీటీలో కూడా ఇంగ్లీషులో అదే మాట ఉంది.

మరుసటి రోజు సాయంత్రం పల్లెలో వలలు బాగుచేసే షెడ్డులో అందరూ కూడారు. వేటపల్లెల్లో కాపులని పెద్దలుంటారు. వాళ్లు కూర్చుని ఒక కట్టుబాటు చేస్తే దాన్ని దురాయి అంటారు. దురాయి పడ్డాక దాన్ని ఎవరూ దాటరు. మళ్లీ కాపులే ఎత్తేయాలి. ఆ రోజు పెద్దకాపు నడుమ కూర్చున్నాడు. నేను చీటీ చదివి వ్యాఖ్యానం చేశాను.

"డాక్టరు గారు ఆట తెలిసిన మనిషి. ఊరికే రెస్టు తీసుకోమని రాయలేదు. ఏ స్థానంలో ఆడకూడదో రాశారు. నాలుగు నెలలు లిఫ్టింగు చేయకూడదు. అంటే ఇతను బంతిని వేలితో కూడా తాకకూడదు."

లిఫ్టరు భార్య లేచింది. "సార్, లోపల డాక్టరు గారు నాతో ఏం జెప్పినాడంటే..."

నేను అరచెయ్యి చూపించాను. "అమ్మా, ఇది ఆటలో మాట. నీకు తెలియదు."

"ఏమ్మే, సార్ చదివినాక నువ్వేంది?" అన్నాడు పెద్దకాపు. "గమ్మునుండు."

ఆమె మొగుడి వైపు చూసింది. అతను తన కాళ్ల వైపు చూసుకున్నాడు.

"సార్, మరి పని జేసుకోవచ్చునా?" పెద్దకాపు అడిగాడు.

"చేసుకోవాలి. భుజం బలపడాలి గదా. కట్టు విప్పాక ఐసు పెట్టెలు మోయించండి. ముందు చిన్నది, తరువాత పెద్దది."

"కుడి భుజం మిందనేనా సార్?"

"దెబ్బ తగిలింది కుడి భుజానికే గదా."

పెద్దకాపు చాలాసేపు తల ఊపాడు. తరువాత లేచి దురాయి వేశాడు: సార్ చెప్పిందాకా లిఫ్టరు చేతికి ఎవరూ బంతి ఇవ్వకూడదు. నేను స్కూటరెక్కి ఇంటికి వచ్చాను. ఒక మనిషి భుజాన్ని కాపాడానన్న తృప్తితో రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

ఇక ఆట లేని నెలల్లో జట్టుకు కావలసినవి చూడాలి. నేను ఒక తెల్ల కాగితం మీద రాసుకున్నాను: రెండో లిఫ్టరు, కొత్త నెట్టు, ఎత్తు పెరిగే స్మాషరు. మూడోది దేవుడి చేతిలో ఉంది కనక మొదటి రెండూ పట్టుకున్నాము.

నెట్టు కొనడానికి వాళ్లు ఒప్పుకోలేదు. "వల అల్లేవాళ్లకి నువ్వు వల కొనిస్తావా సార్?" అన్నారు. మాట నిజమే కదాని కొలతలు ఇచ్చాను. వారంలో అల్లి తెచ్చారు. వల కళ్లు కొలతకు సరిపోయాయి, ముడులు చూస్తే ముచ్చటేసింది. కానీ పై తాడుకు వరసగా బెండ్లు, కింది తాడుకు వరసగా సీసపు గుండ్లు కట్టి ఉన్నాయి. చేతులు అలవాటు కొద్దీ కట్టేశాయి. తీసేయమంటే ఒకాయన చిన్నబుచ్చుకున్నాడు. "గాలికి ఎగరకుండా ఉంటది సార్. మునిగినా తేలుతది." వాలీబాల్ నెట్టు మునిగే పరిస్థితి ఏమిటో నేను అడగలేదు. మా ఇంట్లో అడగరు.

రెండో లిఫ్టరు కోసం ఇందుకూరుపేట దాకా వెతికాను. చివరికి కావలి వైపు హైవే హోటల్లో దొరికాడు. అతను పరోటా మాస్టరు. పిండిని రెండు చేతుల్తో గాల్లోకి విసిరి, తిప్పి, మెత్తగా అందుకుంటుంటే టీ తాగడం మరిచిపోయి చూశాను. లిఫ్టరుకు కావలసింది ఆ వేళ్లే. "బాయ్, వాలీబాల్ ఆడతావా?" అని అడిగాను. "చిన్నప్పుడు ఆడినా సార్. పొద్దున పూట అయితే వస్తా, సాయంత్రం గిరాకీ" అన్నాడు. వచ్చాడు. వేళ్లు నిజంగానే వెన్న. ఒకటే చిక్కు, అతను లేపిన ప్రతి బంతీ గాల్లో గిర్రున తిరిగేది. తిరుగుతూ ఒక మూర దూరం పక్కకు జరిగేది. చెయ్యి అట్లా అలవాటు పడింది. స్మాషర్లు మొదట తిట్టుకున్నారు, తరువాత ఆ మూరెడు దూరం లెక్కగట్టుకుని పక్కకు ఎగరడం నేర్చుకున్నారు. రెండు నెలల్లో జట్టంతా కుడివైపుకు ఎగిరే జట్టయింది.

లిఫ్టరును మాత్రం నేను ప్రతి సాయంత్రం స్వయంగా వెళ్లి చూసేవాణ్ణి. నా స్కూటరు శబ్దం మలుపు దగ్గర వినబడగానే అతను పెట్టెతో కనబడేవాడు. తెల్లటి థర్మకోలు ఐసు పెట్టె, కుడి భుజం మీద. ఒక్కొక్క అడుగూ భారంగా వేసేవాడు, మూలిగేవాడు. పక్కన ఇద్దరు "మెల్లిగా బ్బా, మెల్లిగా" అంటూ నడిచేవాళ్లు. నేను గడియారం చూసి నోటు పుస్తకంలో రాసుకునేవాణ్ణి. ఒకరోజు మోస్తూ మోస్తూ తుమ్మాడు. పెట్టె భుజం మీద నుంచి లేచి, గాలికి ఇరవై గజాలు ఇసుక మీద పల్టీలు కొట్టింది. "ఐసు అమ్మేసినాం సార్, తిరిగొస్తా ఉంది పెట్టె" అన్నారు. ఖాళీ పెట్టెకు అంత మూలుగు ఎందుకని నేను అడగలేదు. నొప్పి ఉంటుంది గదా అనుకున్నాను.

ఏప్రిల్ నడుమ వేట నిషేధం వచ్చింది. పడవలన్నీ ఒడ్డున ఇసుకలోకి లాగేశారు. ఊళ్లో చేప లేదు, ఐసు బండి రావడం మానేసింది. అయినా మా లిఫ్టరు రోజూ సాయంత్రం ఐసు పెట్టె మోస్తూనే ఉన్నాడు. పిల్లలూ, నన్ను నమ్మండి. నెల రోజులు నేను అది చూసి, నోటు పుస్తకంలో 'క్రమశిక్షణ బాగుంది' అని రాశాను.

మే నెలలో మా పల్లె ఇసుకలోనే టోర్నమెంటు. మా జట్టు కుడివైపుకు ఎగురుతూ ఎగురుతూ ఫైనల్ దాకా వచ్చింది. అప్పటికి చీటీలో రాసిన నాలుగు నెలలకు ఇంకా పన్నెండు రోజులున్నాయి. పెద్దకాపు ముందురోజు నన్ను అడిగాడు, "సార్, ఒక్క ఆటకి..." అని. చీటీ చీటీయే అన్నాను.

ఫైనల్‌కు ముఖ్య అతిథిగా ఎవరిని పిలిచారని చూస్తే, అదే ఎముకల డాక్టరు గారు. నా పక్క కుర్చీ ఆయనది. మొదటి సెట్ మొదలైంది. పరోటా మాస్టరుకు ఆ రోజు సముద్రపు గాలి ఎదురు. బంతి మూరకు బదులు బారెడు జరుగుతున్నది. మా స్మాషర్లు గాలిని బాదుతున్నారు.

డాక్టరు గారు మర్యాదకు అడిగారు. "మన పేషెంటు ఎట్లా ఉన్నాడు? లిఫ్టింగ్ చేయడం లేదు గదా?"

"ఒక్కటి కూడా లేదు సార్. నాలుగు నెలలుగా బంతి ముట్టనివ్వలేదు."

"బంతా? బంతి ఎందుకు ముట్టుకోకూడదు? రెండో నెల నుంచి గోడకు ఆడమని నేనే చెప్పాను గదా ఆ అమ్మాయికి. మంచి ఎక్సర్‌సైజు."

నేను కుర్చీలో ఇంకొంచెం నిటారుగా కూర్చున్నాను. మాట తడబడనివ్వలేదు. "భుజం బలానికి లోటు రానివ్వలేదు సార్. రోజూ ఐసు పెట్టె మోయిస్తున్నాను. పెద్దది."

ఆయన కుర్చీలో పూర్తిగా నా వైపు తిరిగారు. "ఎవరితో? ఆ భుజంతోనా? బరువులు ఎత్తొద్దని రాసిచ్చాను గదండీ! అది మళ్లీ గూడు తప్పితే ఆపరేషనే. ఆట సంగతి వదిలేయండి, వల కూడా లాగలేడు!"

లిఫ్టింగ్ అంటే బరువులెత్తడం. ప్రపంచమంతటికీ అంతే. నాకొక్కడికే వాలీబాల్.

అప్పుడు నేను కోర్టు అవతల చూశాను. లిఫ్టరు జనంలో కూర్చుని ఉన్నాడు, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని. ఇరవై ఏడేళ్లు. ఇద్దరు పిల్లలు. ఆ కుడి భుజం తప్ప ఆ ఇంటికి వేరే ఆస్తి లేదు. దాన్ని నేను నోటు పుస్తకం పట్టుకుని, గడియారం చూసుకుంటూ, రోజుకు ఇంతని పాడుచేశాను. మా తాత ముత్తాతలు పోగొట్టినవి వాళ్లవి. నేను ఇంకొకడిది పోగొట్టాను.

మొదటి సెట్ ఓడిపోయారు. విరామంలో నేను లేచి కోర్టులోకి నడిచాను. అంత దూరం నేనెప్పుడూ నడవలేదు. జట్టు, కాపులు, లిఫ్టరు, అతని భార్య, చుట్టూ సగం ఊరు. మెల్లగా చెబుదామనుకున్నాను, మైకు మనిషి ఏదో ప్రకటన అనుకుని మైకు తెచ్చి నోటి ముందు పెట్టాడు.

"నేను చీటీ తప్పు చదివాను," అన్నాను. అది హారను గొట్టంలోంచి సముద్రం దాకా వినబడింది. "డాక్టరు గారు వద్దన్నది బరువులు. బంతి కాదు. ఇతని భుజాన్ని నేనే పాడుచేశాను."

పెద్దకాపు గబగబా వచ్చి మైకు మీద చెయ్యి మూశాడు.

"మీరు గమ్మునుండండి సార్. నలుగురూ ఇంటా ఉండారు."

"వినాలనే చెప్తున్నాను."

లిఫ్టరు లేచి వచ్చాడు. అతని మొహంలో నొప్పి కాదు, సిగ్గు ఉంది. ఏదో దొంగతనం బయటపడ్డవాడిలా. "సార్... బుజానికి ఏం కాలా సార్."

"రోజూ మోశావు గదా!"

అతను భార్య వైపు చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, కానీ నవ్వు ఆగలేదు. "ఆ పెట్టె ఖాళీది సార్."

"ఏ రోజు?"

"ఏ రోజైనా. మొదట్నించీ."

"ఆ దినమే రేత్తిరికి మాకు జెప్పింది సార్ ఈ అమ్మి, డాక్టరు ఏమన్నాడో," పెద్దకాపు అన్నాడు. "అప్పుటికే మీరు చదివేసినారు, మేము దురాయి ఏసేసినాం. మళ్లా మిమ్మల్ని పిలిచి తప్పు చదివినారు సార్ అని ఎట్ట జెప్పేది? పెద్దింటి మనిషి. మా పిల్లోళ్లకి ఇంగిలీసు నేర్పినోళ్లు గూడా మీ మాటకి ఎదురు జెప్పరు. దాంతో ఇంకో దురాయి ఏసుకున్నాం. సార్‌కి ఎవురూ జెప్పకూడదని."

"వేట లేనప్పుడు గూడా మోస్తా ఉంటే కనిపెట్టేస్తారేమో అని బయపడినాం సార్," అన్నాడు పెట్టె పక్కన నడిచేవాళ్లలో ఒకడు. "మీరేమో బుక్కులో రాసుకుంటా ఉండారు."

"మరి బంతి?"

"తెల్లారి తుపాను షెల్టరు గోడకి ఆడుకుంటా ఉండా సార్," లిఫ్టరు నేల చూస్తూ అన్నాడు. "డాక్టరు గారు చెప్పినట్టే. గోడకయితే దురాయి లేదు గదా."

"అయితే ఇవాళ ఎందుకు దిగలేదు? ఓడిపోతున్నారు!"

"యాడ దిగేది సార్?" పెద్దకాపుకు నా ప్రశ్నే వింతగా తోచింది. "మీ మాట మింద పడిన దురాయి. మీరు జెప్పకముందే ఎత్తేస్తే మీ మాట తప్పని ఊరికంతా జెప్పినట్టే గదా. కప్పంటారా, వచ్చే ఏడాది గూడా ఇస్తారు."

అవతలి జట్టు సర్వీసుకు సిద్ధంగా ఉంది. రెఫరీ విజిలు ఊదుతున్నాడు. నేను మైకు మీది పెద్దకాపు చెయ్యి తీశాను. "కాపూ, దురాయి ఎత్తేయండి," అన్నాను. ఆ నాలుగు నెలల్లో నేను 'ఎత్తు' అనే మాటను సరిగ్గా వాడింది ఆ ఒక్కసారే.

డాక్టరు గారు అక్కడే భుజం తిప్పి చూసి సరే అన్నారు. లిఫ్టరు దిగాడు. మొదటి బంతి అతని వేళ్లలోంచి లేచింది. నేను ముప్పై నాలుగేళ్లలో అంత చక్కని బంతి చూడలేదు. తిరగలేదు, వణకలేదు, గాలిని లెక్కచేయలేదు, నెట్టు మీద వచ్చి నిలబడింది. మా స్మాషరు పరుగెత్తుకొచ్చి, ఒక మూర కుడివైపుకు ఎగిరి, ఖాళీ గాలిని శక్తికొద్దీ కొట్టాడు. బంతి ఒంటరిగా కిందపడింది.

అతని తప్పు కాదు. మూడు నెలలు నేర్పించాము. వాళ్లు పాత అలవాటులోకి వచ్చేసరికి ఇరవై మూడు, ఇరవై అయిదు. ఓడిపోయాము. పరోటా మాస్టరు మాత్రం అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు. "అబ్బ, ఏం చెయ్యి అన్నా నీది!" అని లిఫ్టరును కావలించుకుని, సాయంత్రం గిరాకీకి వేళయిందని వెళ్లిపోయాడు.

జనం చెదిరిపోతుంటే వేదిక పక్కన ఆ తెల్ల పెట్టె కనబడింది. నాలుగు నెలలు నా పరువు మోసిన పెట్టె. ఎంత తేలికో ఒకసారి చేత్తో చూడాలనిపించింది. నేను వెళ్లి, నడుము వంచకుండా, ఒంటిచేత్తో విలాసంగా పట్టుకుని లేపాను.

ఆ రోజు అందులో అతిథులకు పెట్టిన సోడాలు ఉన్నాయి. ఐసు కూడా ఉంది.

నా నడుములో ఎండు కొమ్మ విరిగినట్టు చప్పుడైంది. నేను అట్లాగే, వంగీ వంగకుండా, పెట్టె పట్టుకుని నిలబడిపోయాను. లిఫ్టరు పరుగెత్తుకొచ్చి అందుకోబోయాడు. "నువ్వు ఎత్తకు!" అని భార్య, నేను, డాక్టరు గారు ఒకేసారి అరిచాము. చివరికి పెద్దకాపు దించాడు.

డాక్టరు గారు వేదిక మీదే చీటీ రాశారు. నో లిఫ్టింగ్. ఈసారి నేను తల పంకించలేదు. పంకించడానికి వీలూ లేదు. "అంటే ఏమిటి సార్?" అని అడిగాను. ఆయన చెప్పారు. "బకెట్టు కూడానా?" అని రెండోసారి అడిగాను. "స్కూటరు స్టాండు వేయొచ్చా?" అని మూడోసారి అడిగాను. మా వంశంలో మూడోసారి అడిగినవాణ్ణి నేనొక్కణ్ణే. పిల్లలూ, మీరు నా దగ్గర కిటుకు అడుగుతారే, ఉన్నదల్లా ఇదే.

నెల తిరిగాక నా పదవీ విరమణ సభ జరిగింది. నడుముకు నాలుగు అట్టముక్కలున్న వెడల్పాటి బెల్టు కట్టుకుని, పైన చొక్కా, దాని మీద కండువా వేసుకుని వేదిక మీద కూర్చున్నాను, కుర్చీకి ఆనుకోకుండా. ఆనుకోవడం బెల్టు పడనివ్వదు. వక్త ఒకాయన నన్ను చూపిస్తూ, "చూడండి, ఈ వయసులో కూడా వెన్ను వంచని మనిషి! అది రక్తంలో వస్తుంది" అన్నాడు.

ముందు రెండు వరసల్లో పల్లె వాళ్లు కూర్చున్నారు. లిఫ్టరు కాళ్ల వైపు చూసుకున్నాడు. అతని భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దకాపు వెనక్కి తిరిగి తనవాళ్లందరినీ ఒకసారి చూశాడు. ఎవరూ కిక్కురుమనలేదు. చొక్కా కింద ఏముందో ఆ రెండు వరసల్లో తెలియనివాడు ఒక్కడూ లేడు. నా గురించి ఇంకో దురాయి పడిందని నాకు అప్పుడే అర్థమైంది.

అది ఇంకా ఎత్తలేదు.